కంప పెట్టిన కలుగు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇళ్ళకు తాళాలు వేసే అలవాటు తక్కువ. సుగ్గికి పోయేవాళ్ళు తలుపు దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టి, గడప ముందు ఒక తుమ్మకంప అడ్డం వేసి పోయేవాళ్ళు. సుగ్గి అంటే మా వైపు కోతల కాలపు వలస. కంప కనబడిందంటే ఆ ఇంట్లో మనుషులు లేరు, పని వెతుక్కుంటూ పోయారు, వాళ్ళు వచ్చేదాకా ఎవరూ తలుపు తట్టొద్దు అని అర్థం. దొంగలకు భయపడి వేసేది కాదు అది. దోచుకుపోవడానికి ఆ ఇళ్ళల్లో ఏముంది గనక! కుక్కలు దూరి కుండలు దొర్లించకుండా వేసేది.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ, పెద్దకడుబూరు దాపున ఒక పల్లె. వాన పడితే పత్తి, వేరుశనగ. పడకపోతే లారీ. నేను చెప్పేది డెబ్బయ్యో దశకం నడుమ ఒక కరువు ఏడాది సంగతి. ఆ ఏడు వాన పూర్తిగా మొహం చాటేసింది. వేరుశనగ చెట్టు పీకితే వేళ్ళకు మట్టే గాని కాయలు లేవు, ఉన్న కాయల్లో సగం లొట్టలు. చలి ముదిరేసరికి ఊళ్ళో చాలా గడపలకు కంపలు పడ్డాయి. మా అమ్మా నాయనా కూడా తుంగభద్ర కాలువల కింద వరికోతలకని లారీ ఎక్కారు. ఉగాదికల్లా వస్తామని చెప్పి, ఒక సంచి జొన్నలు ఇంట్లో పెట్టి పోయారు.

తమ్ముడికి అప్పుడే తట్టు పోసి తగ్గింది. చొక్కా గుండీలు ఇంకా తప్పుగా పెట్టుకునే వయసు వాడిది. చేతులు పుల్లల్లాగా అయిపోయి ఉన్నాయి. వాణ్ణి ఆ చలిలో లారీ మీద వేసుకుని పోలేక ఇంట్లో వదిలారు. వాణ్ణి చూసుకోవడానికి నన్ను, నన్ను చూసుకోవడానికి మా అవ్వను.

అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి. మనిషి పొట్టి, నోరు పొడుగు. పొయ్యి రాజుకోకపోతే పొయ్యిని తిట్టేది. కోడి గుడ్డు పెట్టకపోతే దాని వంశమంతా తవ్విపోసేది. ఊరికే పోతున్న కాకిని కూడా నిలబెట్టి మాట్లాడించేది. ఆమె మాట ఆగిపోయిన క్షణాలు నాకు తెలిసి చాలా తక్కువ. వాటిలో ఒకటి ఈ కథలోనే ఉంది.

ఉగాదికి కొంచెం ముందు ఒక సాయంత్రం సర్కారువాళ్ళ సినిమా వ్యాను ఊళ్ళోకి వచ్చింది. చిన్న కుటుంబం గురించి, పిల్లలకు సూదులు వేయించడం గురించి బొమ్మలు చూపించడానికి వచ్చారు. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళూ పిల్లలూ. ముసలివాళ్ళకు కుటుంబ నియంత్రణ గురించి చెప్పి ఏం లాభమో ఆ వచ్చినవాళ్ళే ఆలోచించుకోవాలి. బడి ముందర రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టారు. మగవాళ్ళు గుడ్డకు ముందువైపు కూర్చున్నారు, ఆడవాళ్ళం పిల్లలం వెనకవైపు. వెనకనుంచి చూసినా బొమ్మ బాగానే కనబడుతుంది, కాకపోతే ఎడమ కుడి అవుతుంది, అక్షరాలు తిరగబడతాయి. మాకు అక్షరాలతో పనేముంది! చివర్లో, అంతసేపు కుదురుగా కూర్చున్నందుకు పిల్లలకు బహుమానంగా, ఒక బొమ్మల సినిమా వేశారు.

అందులో మనుషులు లేరు, మాటలు లేవు. వాయిద్యాలు మాత్రం ఊపిరాడనీయకుండా మోగాయి. ఒక ఇల్లు. ఆ ఇంట్లో మూడు పిల్లులు. ఒకటి లావు, ఒకటి బక్క, ఒకటి చెవి తెగింది. గోడ అడుగున చిన్న కన్నం, ఆ కన్నంలో ఒక చిట్టెలుక కాపురం. దాని ఇల్లు చూసి నేను నోరు తెరిచేశాను. అగ్గిపెట్టె మంచం, దారపు రీలు పీట, గోడకు దీపం, ఒక మూల గింజల కుప్ప. మా ఇంట్లో కూడా అన్ని సామాన్లు లేవు. దాన్ని పట్టడానికి పిల్లులు పన్నని పన్నాగం లేదు. అది వాటి తోకలు మూడూ కలిపి ముడేసింది. పిండి డబ్బా దొర్లించింది. మూడు పిల్లులూ తెల్లగా మారి, ఒకదాన్ని చూసి ఒకటి దయ్యమనుకుని పరుగో పరుగు. లావు పిల్లి మీద బీరువా పడితే అది జొన్నరొట్టె మాదిరి పలచబడిపోయి, ఒక్కసారి విదిలించుకుని మళ్ళీ బొద్దుగా లేచి నిలబడింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. అక్కడ అంతా తిరగబడింది. ఆఖరికి చిట్టెలుక తన ఇంట్లోకి పోయి, తలుపేసుకుని, బొజ్జ నిమురుకుంటూ పడుకుంది.

మిగిలిన ఊరంతా పడీ పడీ నవ్వింది. తమ్ముడు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. తట్టు పోసినాక వాడు నవ్వగా చూడటం అదే మొదలు. అవ్వ మాత్రం నవ్వలేదు. ఇంటికి వచ్చే దోవలో ఉన్నట్టుండి అంది, "మూడు పిల్లులు ఒక్క ఎలుక ఎంట పడినాయంటే ఆ ఇంట్లో వాటికి కూడు పెట్టేటోళ్ళు లేరు. పాపం, అవీ ఆకలికే ఉరికినాయి."

తమ్ముడు ఆ మాట ఒప్పుకోలేదు. వాడు ఎలుక పక్షం. ఆ చిట్టెలుక నిజంగా ఉందని, గుడ్డ వెనక ఎక్కడో దాని ఇల్లు ఉంటుందని వాడి నమ్మకం. మర్నాడు పొద్దున్నే బడి దగ్గరికి పోయి, గోడ అడుగున ఒక కన్నం కనిపెట్టి, తన రొట్టెలో ముక్క తుంచి దాని ముందర పెట్టి వచ్చాడు. అవ్వ చూసి తిట్టింది. రొట్టె ముక్కలు ఎలుకలకు పెట్టే రోజులు కావు అవి. అయినా వాడు రోజూ పెట్టాడు. రోజూ ముక్క మాయమయ్యేది. దాన్ని చీమలు తీసుకుపోతున్నాయని నాకు తెలుసు, వాడికి చెప్పలేదు.

ఉగాది వచ్చింది, పోయింది. అమ్మా నాయనా రాలేదు. కోతలు అయిపోయాక, కూలీలను లారీ ఎక్కించిన మేస్త్రీ వాళ్ళను ఇంకా దూరం ఇంకో పనికి తరలించాడని తర్వాత తెలిసింది. అప్పుడు మాకు ఆ కబురు చెప్పేవాళ్ళు లేరు. జొన్నల సంచి అడుగు దులిపి, ఆ దుమ్మును కూడా చెరిగి వండింది అవ్వ. తర్వాత గంజి. తర్వాత చింతచిగురు ఉడకబెట్టిన నీళ్ళు. అడగడానికి పోదామంటే కంపలు లేని గడపలే తక్కువ, ఉన్న గడపల్లో మాకంటే ముసలివాళ్ళు. కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయని జనం తేలిగ్గా అనేస్తూ ఉంటారు. ఆ వేసవి తర్వాత ఆ మాట నా నోటికి రాలేదు.

అప్పుడు అవ్వ గడ్డపార తీసింది.

వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. చేను పీకకముందే పొలాల్లోని ఎలుకలు కాయలు కోసుకుపోయి భూమిలో దాచుకుంటాయి. వాటి గాదెలు మన గాదెల కంటే శుభ్రంగా ఉంటాయి, మట్టి లేకుండా, లొట్టలు లేకుండా. కరువు వచ్చినప్పుడు ఆ కలుగులు తవ్వి కాయలు తెచ్చుకోవడం మాలాంటి వాళ్ళకు కొత్తా కాదు, సిగ్గూ కాదు. దానికి ఒక కట్టుబాటు మాత్రం ఉండేది. అంతా ఊడ్చుకు రాకూడదు. ఒక పిడికెడు అక్కడే వదిలి, పైన మట్టి కప్పి రావాలి. దాని కష్టం అది పడింది కాబట్టి దాని పాలు దానికి ఉంచాలని పెద్దవాళ్ళు అనేవాళ్ళు.

మొదటిరోజు ముగ్గురం కలిసి పోయాం. తమ్ముణ్ణి ఒక్కణ్ణే ఇంట్లో వదల్లేక అవ్వ చంకనేసుకుని తెచ్చింది. గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచిందో లేదో, కలుగులోంచి ఒక చిన్న ఎలుక బయటపడి వాడి కాళ్ళ పక్కనుంచే పరిగెత్తింది. వాడి మొహం వెలిగిపోయింది. చప్పట్లు కొట్టాడు. తర్వాత అవ్వ చెయ్యి లోపలికి పోయి, గుప్పెడు బుడ్డలతో బయటికి వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ గుప్పెడు. వాడి చప్పట్లు ఆగిపోయాయి. సినిమాలో మూలనున్న గింజల కుప్ప లాంటిదే ఇదీ అని వాడికి అర్థమైంది.

"వద్దవ్వా. అది దాని ఇల్లు. మనం పిల్లులమా?" అన్నాడు.

అవ్వ చెమట తుడుచుకుంది. "అవున్రా, పిల్లులమే. పిల్లులకు ఆకలి కాదా?" అంది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇంటికి వచ్చి బుడ్డలు వేయించి పెడితే వాడు నోరు తెరవలేదు. పళ్ళు బిగించి కూర్చున్నాడు. నేను తిన్నాను. కడుపునిండా తిన్నాను, నాకు సిగ్గేమీ అనిపించలేదు. వాడికి మాత్రం బతిమాలినా ఎక్కలేదు, తిట్టినా ఎక్కలేదు. నూరి ముద్ద చేసి వేలితో నోట్లో పెడితే ఉమ్మేశాడు. ఎలుక ఇంట్లో దోచుకొచ్చిన కూడు తినడట. చిన్నపిల్లల మొండితనం ఎంత గట్టిదో ఆకలికి కూడా తెలియదు.

రెండోనాటికి వాడు లేచి కూర్చోవడం మానేశాడు. కళ్ళు లోపలికి పోయాయి. పిలిస్తే తల తిప్పేవాడు గాని పలికేవాడు కాదు. ఎదురింటి ముసలమ్మ వచ్చి వాడి పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. ఇవతలికి వచ్చి అవ్వ చెవిలో, "ఈ పిల్లోడు దక్కేట్లు లేడు" అంది. నాకు వినబడింది. అవ్వ ఆమెను తిట్టి పంపింది. పంపిన తర్వాత పొయ్యి ముందు కూలబడి, చల్లారిన బూడిదను పుల్లతో కెలుకుతూ ఉండిపోయింది. కొడుకూ కోడలూ వస్తే ఏం చెప్పాలి అన్న ఆలోచనే ఆమె మొహం నిండా ఉంది. నాకు భయమేసి ఆమె కొంగు పట్టుకున్నాను.

మర్నాడు తెల్లవారగానే తమ్ముణ్ణి ఆ ముసలమ్మ దగ్గర పడుకోబెట్టి, అవ్వ నన్ను వెంటబెట్టుకుని పొలానికి బయల్దేరింది. ఈసారి వంక దగ్గరి చేనుకు. గట్టు కింద కొత్త మట్టి పోసి ఉన్న కలుగు ఒకటి వెతికింది. చుట్టూ ఉన్న బొక్కలన్నీ ఒక్కటి తప్ప మూయించింది నా చేత. పగిలిన కుండపెంకులో పిడకనిప్పు వేసి, ఎండుమిరపకాయ ఒకటి చిదిమి, ఆ పొగను కలుగు నోటినుంచి కొంగుతో లోపలికి విసిరింది. మా ఇద్దరికీ కళ్ళు మండిపోయాయి. కొంతసేపటికి వదిలిన బొక్కలోంచి ఒక ఎలుక తూలుతూ వచ్చి, దుక్కిలో పడి ఎటో పోయింది. తవ్వుతుందేమో అని గడ్డపార అందించాను. ఆమె తీసుకోలేదు. పక్కనున్న తుమ్మచెట్టు దగ్గరికి పోయి చిన్న రెమ్మ విరిచి తెచ్చి, కలుగు నోటికి అడ్డంగా పెట్టింది. అచ్చం సుగ్గికి పోయినవాళ్ళ గడపల ముందు పెట్టినట్టు.

"నోరు తెరిచినావంటే నాలిక కోస్తా" అంది నాతో. నాకేమీ అర్థం కాకపోయినా తల ఊపాను.

ఇంటికి పోయి తమ్ముణ్ణి భుజాన వేసుకుని మళ్ళీ అక్కడికి వచ్చాం. వాణ్ణి గట్టుకు ఆనించి కూర్చోబెట్టి, తానేమీ ఎరగనట్టు నడుము మీద చేతులు పెట్టుకుని కలుగు వైపు చూసింది.

"అయ్యో, కంప పెట్టినారే! ఈళ్ళు గూడా సుగ్గికి పోయినట్లుండారు."

తమ్ముడు మెడ ఎత్తాడు. వాడికి అక్షరాలు రావు గాని కంపకు అర్థం తెలుసు. మా వీధి అంతా అదే కదా చూస్తున్నాడు. చాలాసేపు దాన్ని చూసి, పీలగొంతుతో అడిగాడు, "యాడికి పోయినాదవ్వా?"

"కాలువల కిందికి. మీ అమ్మా నాయినా పోలే? అట్లనే. నిన్న దోవలో కనపడినాది నాకు, పిల్లాజెల్లను ఎంటబెట్టుకోని. ఇంట్లో బుడ్డలుండాయి, ఊరకనే ముక్కిపోతాయి, మీ పిల్లోనికి పెట్టుకో, మేము వచ్చినాక మళ్ళీ ఇస్తువులే అన్నాది."

సుగ్గికి పోయేవాళ్ళు ఇంట్లో మిగిలిన పప్పో చింతపండో ఇరుగింటికి ఇచ్చి, వాడుకోండి, వచ్చాక చూసుకుందాం అని చెప్పడం మా ఊళ్ళో అందరూ చేసేదే. మా అమ్మ కూడా పోయేటప్పుడు ఎదురింటికి ఉప్పుడబ్బా ఇచ్చింది. కాబట్టి వాడికి అందులో అనుమానించడానికి ఏమీ దొరకలేదు. అయినా పాకుతూ పోయి, రెమ్మ పక్కనుంచి మొహం పెట్టి, లోపలికి ఒకసారి పిలిచాడు. జవాబు రాలేదు.

"మరి పిల్లులు?" అన్నాడు.

"అవీ పోయినాయి. ఈడ ఏముండాదని ఉంటాయి?"

వాడు ఒప్పుకున్నాడు. అవ్వ రెమ్మను జాగ్రత్తగా పక్కన పెట్టి తవ్వడం మొదలుపెట్టింది. నేను ఆమెకు అవతలివైపు కూర్చుని మట్టి తోడుతున్నాను. బుడ్డలు చాలా ఉన్నాయి, ఒక చాట నిండేన్ని. వాటి పక్కనే, ఎండుగడ్డి పీచూ పత్తీ పరిచిన చిన్న గూడు బయటపడింది. అందులో ఎలుక పిల్లలు. ఇంకా కళ్ళు తెరవనివి, ఎర్రగా, వేలి కణుపంత. కదలడం లేదు.

అవ్వ చెయ్యి ఆగిపోయింది. తమ్ముడి వైపు వీపు తిప్పి, కొంగు పరుచుకుని, కలుగుకు అడ్డంగా కూర్చుంది. తర్వాత రెండు చేతులతో మట్టి తీసి ఆ గూటి మీద మెల్లగా పోసింది. నిద్రపోయే పిల్లలకు దుప్పటి కప్పినట్టు కప్పింది. తల ఎత్తితే నేను చూస్తున్నాను. పొయ్యినీ కోడినీ కాకినీ వదలని మనిషి, ఒక్క మాట అనలేదు. నావైపు చూసి మళ్ళీ తల దించుకుంది. నాకు ఏడుపు వచ్చింది గాని ఏడిస్తే తమ్ముడికి తెలిసిపోతుందని పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె ఇటు తిరిగి, బుడ్డను పంటితో కొరికి, గింజ తీసి వాడి నోట్లో పెట్టింది. వాడు నమిలాడు. మింగాడు. నోరు తెరిచాడు. ఇంకొకటి పెట్టింది. చాలు చాలు, ఒక్కసారిగా తింటే కడుపు నొస్తుంది అని తానే ఆపి, తానూ నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. ఆమె కూడా తినకపోతే రేపు తవ్వేదెవరు!

పోయేముందు కట్టుబాటు ప్రకారం పిడికెడు బుడ్డలు వదిలింది. నిజానికి పిడికెడు కంటే ఎక్కువే వదిలింది. తమ్ముడు తన చేత్తో వాటి మీద మట్టి తట్టి, రెమ్మను మళ్ళీ గుమ్మానికి అడ్డం పెట్టాడు. "అది వచ్చినాక మనం ఇయ్యాల" అని అవ్వ దగ్గర మాట తీసుకున్నాడు. అట్లా ఆ వేసవి అంతా ఎలుకల గాదెల మీద బతికాం. ప్రతి కలుగుకూ ముందుగా పొగ, ఆ తర్వాత కంప, ఆ తర్వాతే తమ్ముడు. రెమ్మలు విరిచే పని నాది. వాడికి అనుమానం రాలేదు. ఈ ఏడు ఎలుకలన్నీ సుగ్గికి పోయాయవ్వా అని మాత్రం ఒకసారి దిగులుగా అన్నాడు.

ముంగారు వానలు, అంటే తొలకరి, పడ్డాక అమ్మా నాయనా వచ్చారు. ఒళ్ళంతా దుమ్ము, ఒక బియ్యం మూట, విత్తనానికి కొన్ని బుడ్డలు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని వాడి పక్కటెముకలు తడిమి ఏడ్చింది. ఇంట్లో మళ్ళీ అన్నం ఉడికింది. నాలుగు రోజులు కడుపునిండా తిన్నాక, ఒకరోజు తమ్ముడు విత్తనాల మూటలోంచి బుడ్డలు తీసి నిక్కరు జేబులు నింపుకున్నాడు. మా వాళ్ళు వచ్చారంటే అది కూడా వచ్చే ఉంటుంది, బాకీ తీర్చి రావాలి అని వాడి లెక్క. సంగతి తెలియని అమ్మ నవ్వింది. అవ్వ నవ్వలేదు. చేతికర్ర తీసుకుని వాడి వెనకే నడిచింది. ఏమిటో చూద్దామని అమ్మా, నేనూ పోయాం.

వంక దగ్గరి చేనులో గట్టు కింద ఆ రెమ్మ ఎండి అట్లాగే ఉంది. దాని ముళ్ళ మధ్యనుంచి పచ్చగా మొలకలు లేచాయి. మేము వదిలిన బుడ్డలు వానకు మొలిచాయి. తమ్ముడు మొదట గంతేశాడు. తర్వాత వాడి మొహం మెల్లగా మారింది. వచ్చి ఉంటే తినేది కదా, తింటే మొలకలు ఎట్లా వస్తాయి?

"ఇంగా రాలేదా అవ్వా?"

వస్తాదిలే నాయనా అనబోయింది అమ్మ. అవ్వ చెయ్యి అడ్డం పెట్టి ఆమెను ఆపింది. తడిమట్టిలోనే చతికిలబడి, వాణ్ణి మోకాళ్ళ మధ్యకు లాక్కుంది.

"రాదు నాయనా. అది సుగ్గికి పోలేదు. నేనే పొగ పెట్టి ఎళ్ళగొట్టినా. దాని పిల్లలు లోపల్నే సచ్చిపోయినాయి. నువ్వు తినవని కంప నేనే పెట్టినా. నీకు అబద్ధం సెప్పినా."

వాడు ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. "మళ్ళీ లేస్తాయా?" అని అడిగాడు. బీరువా కింద చదునైపోయి లేచి నిలబడ్డ పిల్లిని వాడు చూసి ఉన్నాడు. చావంటే అంతేననుకున్నాడు.

"లేవవు" అంది అవ్వ.

వాడు జేబుల్లోని బుడ్డలన్నీ తీసి ఆ మొలకల పక్కన పెట్టాడు. అన్నీ పెట్టడం అయ్యాక తిరిగి, రెండు చేతులతో అవ్వ రొమ్ము మీద గుద్దడం మొదలుపెట్టాడు. ఆమె కొట్టనిచ్చింది. అమ్మ వచ్చి విడదీసి, "ఏంటికత్తా, సిన్నపిల్లోనికి ఇంత మాట సెప్తివి? వస్తాది అంటే మర్సిపోతా ఉండె గదా" అంది.

మా నాయనకు ఒక అన్న ఉండేవాడని, పెళ్ళి కాకముందే సుగ్గికి పోయి తిరిగి రాలేదని నేను విని ఉన్నాను. ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అవ్వ నోట అతని మాట వినడం అదే మొదటిసారి.

"మా పెద్దోనికి ఏమైనాదో వానితో పోయినోళ్ళందరికీ తెలుసు. వస్తాడు వస్తాడు అనిరి. అప్పుడు నేను తట్టుకోలేనని దాచినారు, సరే. ఆ యెనక గూడా దాచినారు. ఎన్నేండ్లు వాని కూడు తీసి పెట్టినానో నాకే తెలీదు. ఒక్కరు సెప్పింటే ఏడ్సి ఊరుకుందును. ఆకలి పొద్దు వీనికి అబద్ధం పెట్టినా. కడుపు నిండినాక గూడా అదే పెడితే, వీడూ నా మాదిరే దోవ సూసుకుంటా కూర్సుంటాడు."

తమ్ముడు చాలా రోజులు అవ్వతో మాట్లాడలేదు. పక్కన పడుకోబెట్టినా అటు తిరిగి పడుకునేవాడు. ఆమె బతిమాలలేదు, బొంకలేదు, ఇంకో కథ అల్లలేదు. తిట్టనీలే, కోపం వాని హక్కు అనేది. ఒకనాటి మధ్యాహ్నం వాడే వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చింది అవ్వ. నాయన ఆ చేను దున్నేటప్పుడు ఆ మొలకలను వదిలాడో లేదో నాకు గుర్తులేదు.

అవ్వ ఎనభయ్యో దశకంలో పోయింది. తమ్ముడు పెద్దవాడై ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పనికి కుదిరాడు. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ళ పిల్లను చేసుకున్నాడు. వాడికి రొమ్ము మొదటినుంచీ బలం లేదు, దూదిధూళి దాన్ని ఇంకా పాడుచేసింది. తల నెరవకముందే, ఒక పొద్దున ఆదోని ఆసుపత్రిలో నా కళ్ళ ముందే పోయాడు. మా మరదలు అప్పుడు చంటిబిడ్డతో పుట్టింట్లో ఉంది. ఒంట్లో బాగాలేదు, రమ్మని మాత్రమే కబురు పంపారు. శవం ఇంటికి వచ్చేదాకా ఆమెకు ఏమీ చెప్పొద్దని పెద్దవాళ్ళు తీర్మానించారు. మధ్యాహ్నం బస్సు దిగి ఆమె వచ్చేసరికి గుమ్మంలో ఉన్నవాళ్ళంతా, ఏం లేదమ్మా, బాగానే ఉన్నాడు అంటున్నారు.

మా వాళ్ళలో చావు మాట చెవిన పడ్డాక మట్టి అయ్యేదాకా ఆ ఇంటివాళ్ళు మెతుకు ముట్టరు. ఆమె మొహం చూస్తే పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేదు. చంకలో బిడ్డ పాలకు రొమ్ము వెతుక్కుంటోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని పక్కింటి సాయిబుల ఇంట్లోకి తీసుకుపోయాను. ఆ ఇంటి బీబమ్మ నా మొహం చూసి, ఏమీ అడక్కుండా కంచంలో అన్నం పెట్టింది. "వదినా, ముందు ఆయన్ను సూసొస్తా" అంది మరదలు. తిను, తిన్నాక పోదాం అన్నాను. ఆమె ప్రతి ముద్దా మింగేదాకా ఎదురుగా కూర్చున్నాను. నా తమ్ముడు చచ్చిపోయి ఉంటే, నేను ఆమె చేత అన్నం తినిపిస్తూ కూర్చున్నాను. అంత కష్టమైన పని నేను మళ్ళీ చేయలేదు. ఆమె చెయ్యి కడుక్కుని బిడ్డకు పాలిచ్చిన తర్వాత, వాడు లేడమ్మా, పొద్దున్నే పోయాడు అని చెప్పాను. బాగాలేదనీ, చూద్దామనీ, దేవుడున్నాడనీ ఏమీ కలపలేదు.

చావు పెట్టుకుని అన్నమెట్లా పెట్టావని మా వాళ్ళు నన్ను దుమ్మెత్తిపోశారు. కొందరు ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు, ఎత్తనీ. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆమె నోట్లోకి నీళ్ళు తప్ప ఏమీ పోలేదు.

సంవత్సరీకం అయ్యాక ఒకసారి ఆమె అడిగింది, "ఆ పొద్దు నా ఎదురుగా కూర్సోని నాకు అన్నం ఎట్ల పెట్టగలిగితివి వదినా?"

"నీ మొగునికి గూడా సిన్నప్పుడు ఒకరు అట్లనే పెట్టినారు" అన్నాను. ఆ మాటకు ఆమె నా దగ్గరికి జరిగి కూర్చుంది. అప్పుడు ఇదంతా, ఏదీ దాచకుండా, మొదటినుంచీ చెప్పాను.